మూడు బైట్ల తేడా

జగ్గయ్యపేట పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కంప్యూటర్‌లో 12 బైట్లు పడుతుంది. తెలుగులో రాస్తే 30. నందిగామకు ఇంగ్లీషులో 9 బైట్లు చాలు, తెలుగులో 21 కావాలి. చదివేవాళ్లకు ఈ లెక్కతో పనిలేదు. వెబ్‌సైట్ రాసేవాళ్లకు మాత్రం చాలా పని ఉంది. డౌన్‌లోడ్ పూర్తయిందని ఫోను చెబుతుంది, ఫైలు తెరుచుకోదు. గ్రామాల జాబితా దిగుతుంది, అందులో మూడో వంతు ఊళ్లే ఉంటాయి. డౌన్‌లోడ్ గీత చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఈ తిప్పల్లో చాలావాటికి మూలం ఎక్కడో బైట్ల లెక్క తప్పడమే.

మా మెట్ట ప్రాంతంలో ఫైలు దిగకపోతే నింద ముందు సిగ్నల్ మీద పడుతుంది. హైదరాబాద్ హైవే వదిలి రెండు ఊళ్లు లోపలికి వెళితే సిగ్నల్ పలచబడే చోట్లు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఆ నింద నమ్మబుద్ధి కూడా అవుతుంది. దానికి తోడు, సర్వర్ చెప్పినన్ని బైట్లు అందనప్పుడు బ్రౌజర్ కూడా ‘నెట్‌వర్క్ ఎర్రర్’ అనే రాస్తుంది. కానీ దారిలో బైట్లు చెడిపోవడం చాలా అరుదు. టీసీపీ అనే రవాణా పద్ధతి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ సరిచూసుకుంటుంది, పోయినదాన్ని మళ్లీ తెప్పించుకుంటుంది. పైన హెచ్‌టీటీపీఎస్ తాళం ఉంటే ఒక్క బిట్ మారినా పట్టేస్తుంది. సిగ్నల్ బాగోకపోతే ఫైలు ఆలస్యమవుతుంది, లేదా మధ్యలో తెగిపోతుంది. మొత్తం దిగి, సైజు కూడా సరిపోయి, లోపల మాత్రం పాడైందంటే తప్పు సిగ్నల్‌ది కాదు. ఫైలును డిస్కు నుంచి తీసి బయటికి పంపే స్క్రిప్టు చుట్టుపక్కల వెతకాలి.

వెతకడం ఎలాగో చెప్పడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. జగ్గయ్యపేట ఒకప్పుడు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాక జగ్గయ్యపేట అయింది. ఊరి పక్కన ధనబోడు మీదున్న బౌద్ధ స్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1887లో వచ్చింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలన 20వ ఏట సిద్ధార్థుడనే అతను ఇక్కడి మహాచైత్యానికి ఐదు ఆయక స్తంభాలు నిలిపాడని శాసనం చెబుతుంది. అక్కడి శిల్ప ఫలకాలు చెన్నై మ్యూజియానికి చేరాయి. ఊళ్లో మిగిలింది దిబ్బ. కాబట్టి ఆ స్తూపం ఎలా ఉండేదో పేటలో పుట్టిన పిల్లలకు తెలియాలంటే ఫైళ్లే దిక్కు.

ఊరి చరిత్ర మీద ఇష్టమున్న కుర్రాడొకడు అందుకోసం చిన్న వెబ్‌సైట్ కట్టాడనుకుందాం. అందులో నాలుగు ఫైళ్లు పెట్టాడు. బర్జెస్ పుస్తకం స్కాన్ చేసిన పీడీఎఫ్ ఒకటి. తను తెలుగులో రాసుకున్న నోట్సు, వర్డ్ ఫైలుగా. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్లు, అక్కడి పాత గుళ్లు, శాసనాల జాబితా, సీఎస్‌వీ ఫైలుగా. ఫొటోలన్నీ కట్టగట్టిన జిప్ ఫైలు. ఎంతమంది దింపుకున్నారో తెలియాలని నేరుగా లింకు ఇవ్వకుండా మధ్యలో పీహెచ్‌పీ స్క్రిప్టు పెట్టాడు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన పీహెచ్‌పీ ఇవాళ్టికీ తక్కువ అద్దె హోస్టింగుల్లో దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. చిన్న ఊళ్ల సైట్లకు అదే ఆధారం.

ఆ స్క్రిప్టు చేసే పని పైకి చాలా సులువు. ‘ఇది ఫలానా రకం ఫైలు, దీని పేరిది, నిడివి ఇన్ని బైట్లు’ అని ముందుగా మూడు హెడర్లు పంపాలి. తర్వాత ఫైలులోని బైట్లు ఉన్నవి ఉన్నట్టు పంపాలి. చిక్కంతా ఆ ‘ఉన్నవి ఉన్నట్టు’ దగ్గరే. స్క్రిప్టు రాసిన ప్రతి బైటూ నేరుగా వైరు మీదికి ఎక్కదు. మధ్యలో దాన్ని ఆపేవాళ్లున్నారు, కుదించేవాళ్లున్నారు.

ఆపేదాన్ని బఫర్ అంటారు. ఈ ప్రాంతం వాళ్లకు దాన్ని అర్థం చేసుకోవడానికి పులిచింతల చాలు. నాగార్జునసాగర్ దగ్గర కరెంటు కోసం వదిలిన నీళ్లు డెల్టాకు అవసరమైన వేళకే రావు. ముందే వచ్చేస్తాయి. అందుకే సాగర్‌కూ ప్రకాశం బ్యారేజీకీ మధ్య 45.77 టీఎంసీల జలాశయం కట్టి, వచ్చినప్పుడు పట్టి, కావలసినప్పుడు వదులుతున్నారు. పీహెచ్‌పీ కూడా స్క్రిప్టు విదిల్చే చిన్న చిన్న ముక్కలను వచ్చినవి వచ్చినట్టు పంపకుండా ఒకచోట పట్టి, కొంత పోగయ్యాక వదులుతుంది. పీహెచ్‌పీతో వచ్చే నమూనా సెట్టింగుల ఫైలులో ఆ పట్టు 4096 బైట్లు. ఆ ఫైలే లేకపోతే సున్నా, అంటే బఫర్ లేనట్టే. కుర్రాడి ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు అద్దె సర్వర్‌లో ఇంకోలా నడవడానికి తరచుగా ఇదే కారణం. స్క్రిప్టులో ‘ఓబీ స్టార్ట్’ అని పిలిచి మనమే ఇంకో బఫర్ కట్టుకోవచ్చు. దాని లోపల మరొకటి. ఇలా ఎన్ని అంతస్తులైనా ఉండొచ్చు.

బఫర్ వల్ల ఉపకారం చాలా ఉంది. వెబ్‌లో హెడర్లు ముందు వెళ్లాలి, సరుకు తర్వాత. ఒక్క అక్షరం బయటపడ్డాక ఇక హెడర్ పంపడం కుదరదు. పొరపాటున స్క్రిప్టు ముందే ఏదైనా అచ్చువేస్తే ‘హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయి’ అని పీహెచ్‌పీ గట్టిగా అరుస్తుంది. బఫర్ ఉంటే ఆ అక్షరం ఇంకా బయటికి పోలేదు కాబట్టి అరుపు ఉండదు. హెడర్లు సరిగ్గా ముందే వెళతాయి. మామూలు పేజీలకు ఇది మంచిదే. ఫైళ్ల దగ్గర మాత్రం ఇదే ఆ తప్పును దాచిపెడుతుంది. ముందు పడ్డ ఆ అక్షరం ఎక్కడికీ పోలేదు, బఫర్‌లోనే కూర్చుంది. తర్వాత ఫైలుతో కలిసి, ఫైలుకు ముందు నిలబడి, బయటికి వెళుతుంది.

తెలుగులో స్క్రిప్టులు రాసేవాళ్లకు ఈ చిక్కు మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఎందుకు వచ్చిందో చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి తొలి కూర్పు నుంచీ ఉంది. దాన్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించారు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లీషు స్క్రిప్టు రాసినవాళ్లు పాత పద్ధతిలోనే సేవ్ చేసుకునేవాళ్లు, ఇబ్బంది లేకపోయేది. స్క్రిప్టులో ‘దయచేసి వేచి ఉండండి’ అని ఒక్క తెలుగు మాట ఉన్నా అది కుదరదు. యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. అలా ఎంచుకోగానే పాత నోట్‌ప్యాడ్ చెప్పాపెట్టకుండా ఫైలు నెత్తిన మూడు బైట్ల గుర్తు పెట్టేది. దాన్ని బామ్ అంటారు. బైట్ ఆర్డర్ మార్క్‌కు పొట్టి పేరు. తెర మీద కనిపించదు, కర్సర్‌కు తగలదు. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి నోట్‌ప్యాడ్ ఆ అలవాటు మానుకుంది. అంతకు ముందు రాసిన స్క్రిప్టులు సర్వర్లలో ఇంకా ఉన్నాయి.

పీహెచ్‌పీ దృష్టిలో ఆ మూడు బైట్లు ప్రోగ్రాము కావు, అచ్చువేయవలసిన సరుకు. స్క్రిప్టు మొదలవకముందే అవి బయలుదేరతాయి. బఫర్ వాటిని నిశ్శబ్దంగా పట్టుకుంటుంది. తర్వాత వర్డ్ ఫైలు వాటి వెనక వచ్చి చేరుతుంది. స్క్రిప్టు హెడర్‌లో చెప్పింది అసలు ఫైలు నిడివి. ఇప్పుడు పంపవలసిన సరుకు దానికంటే 3 బైట్లు ఎక్కువ. బ్రౌజర్ హెడర్‌ను నమ్ముతుంది. చెప్పినన్ని బైట్లు లెక్కపెట్టి తీసుకుని చాలిస్తుంది. ముందు మూడు దొంగ బైట్లు చేరాయి కాబట్టి చివర మూడు అసలు బైట్లు మిగిలిపోతాయి. దిగిన ఫైలు సైజు అసలుతో అచ్చంగా సరిపోతుంది. తల మారింది, తోక తెగింది. సైజు చూసి ‘ఫైలు మొత్తం వచ్చింది, మీ వర్డ్‌లోనే ఏదో తేడా ఉంది’ అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

ఇంకో గందరగోళం ఉంది. అదే స్క్రిప్టు నుంచి దిగిన బర్జెస్ పుస్తకం హాయిగా తెరుచుకుంటుంది. దాంతో స్క్రిప్టు మీద అనుమానమే రాదు. పీడీఎఫ్ చదివే ప్రోగ్రాముల్లో చాలావాటికి ఓపిక ఎక్కువ. మొదటి 1024 బైట్లలో ఎక్కడో పీడీఎఫ్ అనే గుర్తు కనబడితే చాలు, లోపలి పట్టికల్లో తేడాలున్నా తమంతట తామే సరిచేసుకుంటాయి. వర్డ్ ఫైలుకు ఆ సౌకర్యం లేదు. ఇప్పటి వర్డ్ ఫైలు లోపల నిజానికి జిప్ మూట. జిప్ మూటలో ఏయే సరుకు ఎక్కడుందో చెప్పే పట్టిక చివరన ఉంటుంది. ఆ చివరి చీటీ నిడివి కనీసం 22 బైట్లు. అందులో మూడు తెగిపోతే మూట విప్పడం కష్టం. ఒకే స్క్రిప్టు, ఒకే తప్పు. ఒక ఫైలు బతికింది, ఒకటి పోయింది. పీడీఎఫ్ తెరుచుకుందని సర్వర్‌ను నిర్దోషి అనడానికి వీల్లేదు.

పట్టుకోవడం ఎలా? దిగిన ఫైలు మొదటి పదిపన్నెండు బైట్లు చూపించే చిన్న పనిముట్లు ప్రతి లైనక్స్ సర్వర్‌లోనూ ఉంటాయి. జిప్, వర్డ్ ఫైళ్లు పీ, కే అనే రెండక్షరాలతో మొదలవ్వాలి. జిప్‌ను తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు అవి. వాటికి ముందు ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్లు కనబడితే దొంగ బామే. ఆరు బైట్లు ఉంటే స్క్రిప్టు కలుపుకున్న ఫైళ్లలో రెండింటికి బామ్ ఉందన్నమాట. ముందు ఖాళీ వరసో, రెండో ఉంటే సెట్టింగుల ఫైలు చివర పీహెచ్‌పీ ముగింపు గుర్తు తర్వాత ఎవరో ఎంటర్ నొక్కి వదిలేశారు. ఆ గుర్తు వెంటనే వచ్చే ఒక్క ఎంటర్‌ను పీహెచ్‌పీ తనే మింగేస్తుంది, రెండోదాన్ని మింగదు. అందుకే పూర్తిగా పీహెచ్‌పీనే ఉన్న ఫైళ్లలో ముగింపు గుర్తు పెట్టకుండా వదిలేయడం అనుభవజ్ఞుల అలవాటు. ఇంకొన్నిసార్లు ఫైలు తలలో ఏకంగా ఇంగ్లీషు వాక్యమే ఉంటుంది. అది పీహెచ్‌పీ ఇచ్చిన హెచ్చరిక. తెర మీద చూపాల్సిన ఆ మాట ఫైలులో కలిసిపోయింది. చదివితే తప్పు ఏ ఫైలులో, ఎన్నో వరసలో ఉందో అదే చెబుతుంది.

స్క్రిప్టు ఫైలు పంపే ముందు, తెరిచి ఉన్న బఫర్లన్నిటినీ ఒక్కొక్క అంతస్తుగా ఖాళీ చేసి మూసేస్తే ఈ దొంగ బైట్లు పోతాయి. ఒక్కదాన్ని మూసి ఊరుకుంటే చాలదు, లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో అడిగి సున్నా అయ్యేదాకా మూయాలి. ఫైలు పంపగానే స్క్రిప్టును అక్కడికక్కడే ముగించాలి, లేకపోతే పేజీ అడుగుభాగం తోకలో చేరుతుంది. అయినా బామ్‌ను మూలంలోనే తీసేయడం మంచిదని నా అభిప్రాయం. బఫర్‌ను తుడవడం ఆ ఒక్క స్క్రిప్టును కాపాడుతుంది. బామ్ ఉన్న ఫైలు రేపు ఇంకో స్క్రిప్టులో చేరుతుంది.

ఇక సీఎస్‌వీ సంగతి. ఇది ఫైలుగా డిస్కు మీద ఉండదు, అడిగినప్పుడల్లా స్క్రిప్టే తయారుచేస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారినప్పుడు జిల్లా పేరున్న గడి ప్రతి వరసలో మార్చాల్సి వచ్చి ఉంటుంది. అలాంటి జాబితాలు అప్పటికప్పుడు తయారు చేయడమే మేలు. మరి దాని నిడివి ఎంత? పీహెచ్‌పీలో నిడివి చెప్పే ఫంక్షన్లు రెండున్నాయి. ‘స్ట్రెలెన్’ బైట్లు లెక్కపెడుతుంది. ‘ఎంబీ స్ట్రెలెన్’ గుర్తులు లెక్కపెడుతుంది. జగ్గయ్యపేటకు మొదటిది 30 అంటుంది, రెండోది 10 అంటుంది. జ ఒకటి, గ ఒకటి, పొల్లు ఒకటి, మళ్లీ గ, ఇలా మొత్తం పది. తెలుగుతో పనిచేసేటప్పుడు రెండోదే వాడాలని ఎవరో చెప్పిన మంచి మాట విని, హెడర్‌లో కూడా అదే పెట్టినవాడి జాబితా మూడో వంతు దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లీషు జాబితాతో పరీక్షిస్తే తప్పు కనబడదు, ఎందుకంటే అక్కడ రెండు లెక్కలూ ఒకటే. తెగిన చోట అక్షరం సగంలో విరిగి, చివరన నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపించవచ్చు. తెలుగు ఫైలు మూడో వంతు దగ్గర, అదీ అక్షరం మధ్యలో ఆగిందంటే ముందు ఈ లెక్కే చూడాలి. కొన్ని పాత సర్వర్లలో స్ట్రెలెన్ కూడా గుర్తులే లెక్కపెట్టేలా మార్చే సెట్టింగు ఒకటుండేది. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 దాన్ని తీసేసింది. అది చాలా మంచి పని.

ఈ సీఎస్‌వీ దగ్గరే బామ్ మళ్లీ ఎదురవుతుంది, ఈసారి మేలు చేస్తూ. తెలుగు సీఎస్‌వీని రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలు కనబడే సంగతి నెట్ సెంటర్లు నడిపేవాళ్లందరికీ తెలుసు. ఫైలు తలలో బామ్ ఉంటే ఎక్సెల్ దాన్ని చూసి ‘ఇది యూటీఎఫ్-8’ అని గ్రహించి తెలుగు సరిగ్గా చూపిస్తుంది. అందుకని సీఎస్‌వీకి మాత్రం ఆ మూడు బైట్లు కావాలనే పెట్టాలి, నిడివిలోనూ కలుపుకోవాలి. స్క్రిప్టు నెత్తిన దొంగ బామ్ ఉన్న సైట్లలో సీఎస్‌వీ ఎక్సెల్‌లో చక్కగా తెరుచుకుంటుంది. ఎవరో తెలిసినవాళ్లు బామ్ తీసేసిన మర్నాడు ‘నిన్నటిదాకా బాగానే ఉండేదే’ అని ఫోన్లు మొదలవుతాయి.

బఫర్ ఆపితే, కంప్రెషన్ రూపమే మారుస్తుంది. తెలుగు వెబ్‌కు కుదింపు ఎంత అవసరమో ముందు చూద్దాం. తెలుగుకు యూనికోడ్‌లో ఉన్నవి 128 స్థానాలు. వాటిలో ఏదో గుర్తించడానికి 7 బిట్లు చాలు. యూటీఎఫ్-8 మాత్రం 24 బిట్లు వాడుతుంది. మొదటి బైటు ప్రతి తెలుగు గుర్తుకూ ఒకటే, ఈ-సున్నా. రెండోది బీ-సున్నా, కాకపోతే బీ-ఒకటి. మూడో బైటులో కూడా ముందు రెండు బిట్లు మారవు. లెక్కేస్తే 24 బిట్లలో 17 ప్రతిసారీ అవే. తెలుగు పేజీ కుదించకుండా పంపడమంటే ఆ 17 బిట్లను ప్రతి అక్షరానికీ వేలసార్లు మోయించడం, అదీ ఫోన్లో డేటా కొనుక్కుని చదివేవాళ్ల ఖర్చుతో. జీన్-లూప్ గయీ, మార్క్ అడ్లర్ 1992లో తెచ్చిన జీజిప్ ఇలాంటి పునరుక్తిని పట్టి పిండడంలో దిట్ట. వెనక 32 కిలోబైట్ల దాకా చూసి, ఇంతకుముందు వచ్చిన బైట్ల వరసే మళ్లీ వస్తే ‘ఇంత వెనక్కి వెళ్లి ఇంత తీసుకో’ అని మాత్రం రాస్తుంది. అలా పట్టుకోగల వరస కనీస పొడవు 3 బైట్లు. సరిగ్గా ఒక తెలుగు గుర్తు. పైగా తరచుగా వచ్చే బైటుకు పొట్టి సంకేతం ఇస్తుంది. పదేపదే వచ్చే ఈ-సున్నాకు అందులో పెద్ద వాటా దక్కుతుంది. కాబట్టి తెలుగు సైటులో కంప్రెషన్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లతో నేను ఏకీభవించను. పేజీలకూ, సీఎస్‌వీకీ అది ఉండి తీరాలి.

జిప్, వర్డ్, జేపీఈజీ ఫొటో, వీడియో, స్కాన్ చేసిన పీడీఎఫ్, ఇవన్నీ ముందే కుదించినవి. వాటిలో పిండడానికి పునరుక్తి మిగలలేదు. మళ్లీ జీజిప్‌లో వేస్తే తగ్గకపోగా, దాని సొంత తల 10 బైట్లు, తోక 8 బైట్లు కలిసి కొంచెం పెరగవచ్చు కూడా. ఫలితం లేని పనికి సర్వర్ కష్టపడుతుంది. అసలు చిక్కు అది కాదు. మారిన నిడివితోనే చిక్కు. హెడర్‌లో పాత నిడివి, వైరు మీద కొత్త సరుకు. కుదించింది చిన్నదైతే బ్రౌజర్ రాని బైట్ల కోసం కాచుకుని కూర్చుంటుంది. గీత చివర్లో ఆగిపోయేది అందుకే. కుదించింది పెద్దదైతే తోక తెగుతుంది. ఆ తోకలోనే సరిచూసుకునే మొత్తం ఉంటుంది, అది లేకపోతే ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకునే వీలుండదు.

పీహెచ్‌పీని నిర్వహించేవాళ్లు ఈ ప్రమాదం చూసి ఒక జాగ్రత్త పెట్టారు. సైటు మొత్తానికి కంప్రెషన్ ఆన్ చేసే సెట్టింగు ఉన్నా, స్క్రిప్టు తన నిడివి హెడర్ పంపగానే ఆ సెట్టింగు తనంతట తాను ఆగిపోతుంది. కుదించాక నిడివి ఎంతవుతుందో స్క్రిప్టుకు ముందే తెలిసే దారి లేదు కాబట్టి అదే న్యాయం. బొమ్మల ఫైళ్లకూ అలాగే ఆగుతుంది. కానీ ‘ఓబీ జీజెడ్ హ్యాండ్లర్’ అనే ఇంకో దారిలో, అంటే బఫర్‌కే కుదించే పని అప్పగించి, స్క్రిప్టు మొదట్లో ఒక వరస రాసి పెట్టే సైట్లు చాలా ఉన్నాయి. దానికి ఈ కాపలా వర్తించదు. మన కుర్రాడి జిప్ ఫైలు అక్కడే చిక్కుకుంటుంది. మందు పాతదే. పంపే ముందు ఆ బఫర్‌ను కూడా మూసేయాలి, కంప్రెషన్ సెట్టింగును ఆ ఒక్క స్క్రిప్టులో ఆపాలి. పైనున్న అపాచీ, ఎంజినెక్స్ సర్వర్లు మళ్లీ కుదిస్తే తమకు తామే నిడివి హెడర్ తీసేస్తాయి కాబట్టి ఫైలు పాడవదు. దింపుకునేవాళ్లకు ఎంత శాతం అయిందో మాత్రం కనబడదు.

తప్పు కంప్రెషన్‌దా కాదా తేల్చుకోవడానికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి నడుపుతున్న కర్ల్ అనే పనిముట్టు, మనం అడిగితే తప్ప ‘నాకు కుదించినవి ఫర్వాలేదు’ అని సర్వర్‌కు చెప్పదు. బ్రౌజర్లు ప్రతిసారీ చెబుతాయి. కర్ల్‌తో దింపితే ఫైలు బాగుండి, బ్రౌజర్‌లో పాడైతే నేరం కంప్రెషన్‌దే. రెండింటిలోనూ ఒకేలా పాడైతే బఫర్‌లోని దొంగ బైట్లవైపు, నిడివి లెక్కవైపు చూడాలి. రెండు నిమిషాల ఈ పని చేస్తే సగం అనుమానాలు తీరతాయి. అసలు ఫైలుకూ దిగిన ఫైలుకూ షా-256 మొత్తాలు తీసి పోల్చడం ఇంకా ఖచ్చితం. సైజు మోసం చేసిన చోట అది చేయదు.

బర్జెస్ పుస్తకంలాంటి పెద్ద స్కాన్లకు వేరే గండం ఉంది. ఫైలును చదివి పంపే పీహెచ్‌పీ ఫంక్షన్ ‘రీడ్‌ఫైల్’ మెమరీ తినేస్తుందని ఒక అపవాదు. అది చిన్న చిన్న ముక్కలుగానే చదువుతుంది. హద్దు లేని బఫర్ దాని చుట్టూ ఉంటే ఆ ముక్కలన్నీ అందులో పోగై పుస్తకమంతా మెమరీలోకి ఎక్కుతుంది. మామూలు హద్దు 128 మెగాబైట్లు. దాటగానే 134217728 అనే అంకెతో ఎర్రర్ రాసి స్క్రిప్టు చచ్చిపోతుంది. ఆ అంకె కనబడితే ముందు మెమరీ హద్దు పెంచొద్దు, బఫర్ మూయండి. గిగాబైటు దాటిన ఫైళ్లు సరిగ్గా గిగాబైటు దగ్గర తెగుతుంటే ఎంజినెక్స్ తాత్కాలిక ఫైలు హద్దు చూడాలి, అది మామూలుగా 1024 మెగాబైట్లే ఉంటుంది. నెమ్మదైన ఫోను ఆ గిగాబైటును ఖాళీ చేసేలోపు వెనకున్న సర్వర్ విసిగి తెంచేస్తుంది. లాగిన్ ఉన్న సైట్లలో ఫైలు పంపే ముందు సెషన్‌ను మూయడం కూడా మరవకూడదు, లేకపోతే ఫైలు దిగుతున్నంతసేపూ ఆ మనిషికి ఇంకో పేజీ తెరుచుకోదు.

సిగ్నల్ నిజంగానే తెగే ఊళ్లకు వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. సగం దిగిన ఫైలు అక్కడి నుంచే అందుకోవడం. డిస్కు మీది ఫైలును వెబ్ సర్వర్ నేరుగా ఇస్తే, ఫోను ‘నాకు ఇన్నో బైటు నుంచి కావాలి’ అని అడగగలదు, సర్వర్ 206 అనే జవాబుతో మిగతాది ఇస్తుంది. మామూలుగా రాసిన స్క్రిప్టుకు ఆ భాష రాదు. ప్రతిసారీ మొదటి బైటు నుంచి మొదలుపెడుతుంది. అప్పటికప్పుడు కుదించి పంపితే అసలే కుదరదు. దీనికి చక్కటి దారి, స్క్రిప్టు ఫైలును తాకకుండా ఉండడం. ఎవరు అడిగారో చూసి, లెక్కలో రాసుకుని, ‘ఫలానా చోట ఉన్న ఫైలు ఇచ్చెయ్’ అని ఒక్క హెడర్ మాత్రం వెబ్ సర్వర్‌కు చెప్పి తప్పుకోవాలి. అపాచీలో దాన్ని ఎక్స్-సెండ్‌ఫైల్ అనీ, ఎంజినెక్స్‌లో ఎక్స్-ఆక్సెల్-రీడైరెక్ట్ అనీ అంటారు. పీహెచ్‌పీ బఫర్‌లోకి ఫైలు ఎక్కదు, మెమరీ నిండదు, దొంగ బైట్లు చేరే చోటు ఉండదు, నిడివి వెబ్ సర్వరే చూసుకుంటుంది, తెగిన డౌన్‌లోడు తెగిన చోటి నుంచి అందుకుంటుంది. అపాచీలో దానికో మాడ్యూల్ వేయాలి, చవక హోస్టింగుల్లో అది అన్నిచోట్లా ఉండదు. అయినా హోస్టింగు కొనే ముందు ఈ ఒక్కటీ ఉందా అని అడిగి కొనమని ఊరి సైట్లు కట్టే పిల్లలందరికీ చెబుతాను.

ఫైలు పేరు సంగతి ఒక్కటి మిగిలింది. ‘జగ్గయ్యపేట స్తూపం’ అని తెలుగులో పేరు పెట్టాలని ఎవరికైనా ఉంటుంది, ఉండాలి. హెడర్‌లో తెలుగు అక్షరాలు నేరుగా రాస్తే కొన్ని బ్రౌజర్లలో చెదిరిపోతాయి. 2011 నాటి ప్రమాణం ఒకటి దీనికి దారి చూపించింది. పేరు రెండుసార్లు ఇవ్వాలి, ఒకసారి మామూలు ఇంగ్లీషు అక్షరాల్లో, మరోసారి నక్షత్రం గుర్తున్న రూపంలో. ఆ రెండో రూపంలో ప్రతి తెలుగు బైటునూ శాతం గుర్తు, రెండంకెల సంకేతంగా మార్చి రాయాలి. జగ్గయ్యపేట ఒక్కదానికే 90 అక్షరాలవుతుంది. ఇప్పటి బ్రౌజర్లన్నీ దాన్ని చదివి ఫోన్లో పేరు తెలుగులోనే చూపిస్తాయి.